జీను కింద చెయ్యి

పెళ్ళి ఫోటోల్లో నన్ను మీరు చూసే ఉంటారు. ముఖం కాదు, చెయ్యి. తెల్లగుర్రం మీద పెళ్ళికొడుకు, గుర్రం మూతి దగ్గర కళ్ళెం పట్టుకున్న ఒక నల్లటి చెయ్యి. మోచెయ్యి దగ్గరికొచ్చేసరికి ఫోటో అయిపోతుంది. విజయనగరం చుట్టుపక్కల చాలా ఇళ్ళలో గోడలకి వేలాడుతున్నాను, మోచేతి వరకే. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినప్పుడు మా మాష్టారు "గాడిదలు కాసుకుంటావురా నువ్వు" అన్నారు. గుర్రం దాకా ఎదిగాను. పైచదువు అంటే ఇదే కాబోలు.

మొన్న సాయంత్రం పాకలో గుర్రానికి ఉలవలు పెడుతుంటే మా బావ వచ్చాడు. మా ఆవిడకి అన్న, ఈ వ్యాపారంలో నాకు జోడీ. బేరాలు అతను చూస్తాడు, గుర్రాన్ని నేను చూస్తాను.

"పంతులుగారు పోయారట బావా, పొద్దున్న" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే రెండోమాట కూడా అనేశాడు. "మరింకేటి, అటక మీది జీను దించీవచ్చు."

మనిషి పోయిన కబురుకీ అటక మీది జీనుకీ ఏమిటి సంబంధం అంటే, ఆ జీనుని అటకెక్కించింది ఆయనే. దాన్ని మళ్ళీ దించాలని మా బావకి ఎందుకంత తొందర అంటే, బొబ్బిలి వైపునుంచి ఒక పెద్ద బేరం వచ్చింది. వాళ్ళకి కావలసింది ఉత్త గుర్రం కాదు, డాన్సు చేసే గుర్రం. మా మాలచ్చి ఒకప్పుడు చేసేది. ఆ పాత జీను వేస్తేనే చేసేది. ఇంతకాలం మేము ఆ జీను ముట్టుకోకపోవడానికి ఒకటే అడ్డు: ఏ పెళ్ళిలోనైనా సరే, ఆ ముసలాయన వచ్చి దాని కిందికి చెయ్యి దూరుస్తాడేమోనని. ఇప్పుడు ఆ చెయ్యి లేదు.

ఆ చేతి గురించే చెబుతాను.

ఆయన పెళ్ళిళ్ళు చేయించే పురోహితుడు. మామూలుగా పురోహితుడు పెళ్ళివారింటికి రాగానే కాఫీ అడుగుతాడు, లేదా పీటలు ఎటు వేశారో చూస్తాడు. ఈయన తిన్నగా గుర్రం దగ్గరికి వచ్చేవారు. బట్టతల, చెవికి దూది, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. గుర్రం ముందు నిలబడి "మహాలక్ష్మిగారూ, అనుమతేనా?" అని అడిగేవారు. మేము మాలచ్చీ అని పిలుచుకునేదాన్ని ఆయన గారు చేర్చి పూర్తిపేరుతో పిలిచేవారు. నన్ను మాత్రం ఒరే అనేవారు. అది ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. అప్పుడు అరచెయ్యి పైకి పెట్టి, మెడ అయిపోయి వీపు మొదలయ్యే మూపు దగ్గర జీను కిందికి మెల్లగా జొనిపి, కళ్ళు మూసుకుని నిలబడేవారు. వైద్యుడు నాడి చూసినట్టు ఉండేది. చూసిన చుట్టాలు ఏదో మంత్రం అనుకుని వాళ్ళూ చేతులు జోడించేవారు.

పెళ్ళివారితో ఆయనది పుస్తకంలో భాష. "వధూవరులు తూర్పుముఖంగా ఆసీనులు కావలెను." నావైపు తిరిగితే మా వీధి భాష. "ఒరే, పొట్ట కింద పటకా అంతలా బిగించీసేవేటి, అది ఊపిరి తీసుకోవాలా వద్దా?" రెండు భాషల మధ్యా ఒక్క లవంగం నమిలేంత వ్యవధి కూడా ఉండేది కాదు.

ఆయన వాళ్ళది పాతపట్నం దగ్గర గుడిసేవ చేసే కుటుంబం. ఉత్సవాలప్పుడు దేవుణ్ణి చెక్కగుర్రం వాహనం మీద నిలబెట్టి, మెత్తలు పెట్టి, ఒరిగిపోకుండా తాళ్ళతో కట్టడం ఆ ఇంటి పని. వయసులో వాహనాన్ని కూడా మోశారట. కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ ఉండేది. ఎవరైనా పెళ్ళివారు సన్మానమని శాలువా కప్పితే, ఆ కాయ కనబడేలా శాలువాని ఎడమవైపుకి జరుపుకునేవారు. పతకాన్ని ఎవరు దాచుకుంటారు. వాళ్ళ తాతగారు తట్టుగుర్రం మీద కొండకింద ఊళ్ళన్నీ తిరిగి పౌరోహిత్యం చేసేవారట. ఆ గుర్రం గోధుమరంగుది, వీపు మీద మాత్రం రెండు తెల్లమచ్చలు. ఊళ్ళోవాళ్ళు శుభలక్షణం అనేవారట.

"శుభలక్షణం కాదు, మా తాత లక్షణం" అనేవారు ఈయన. "జీను ఒత్తీసి ఒత్తీసి, అక్కడి తోలు చచ్చి, వెంట్రుకలు తెల్లగా మొలిచినాయి. కూకున్నోడికేటి తెలుస్తాదిరా. మోసినోణ్ణి అడగాల."

ఈ చివరి మాట ఆయనకి ఊతపదం. పెళ్ళి భోజనంలో బూరెలు ఎలా ఉన్నాయని అడిగినా, వడ్డించేవాడి చేతిలోని గుండిగ చూపించి అదే అనేవారు.

అంత చెప్పే మనిషి స్కూటరు చూస్తే నవ్వొచ్చేది. సీటు చిరిగి స్ప్రింగు బయటికొచ్చి, దానిమీద యూరియా సంచి కట్టి ఉండేది. ఆయన ఒకవైపు ఒరిగి కూర్చుని, ఎప్పుడూ మలుపు తిరుగుతున్నవాడిలా తిన్నటి రోడ్డు మీద వచ్చేవారు.

"పంతులుగారూ, ముందు మీ జీను బాగుసేయించుకోండి" అన్నాను ఒకసారి.

"దీనిమీద నేను కూకుంతన్నానురా, అది నన్ను మోస్తన్నాది. గుచ్చుకుంటే నాకు గుచ్చుకుంటాది. దానికి సుఖంగానే ఉన్నాది, అడుగు" అన్నారు.

మొదటిసారి ఆయన మాలచ్చిని చూసిన రోజు మా వైభోగం మంచి ఊపులో ఉంది. మా బావ ఎక్కడినుంచో ఒక జీను తెప్పించాడు. ఎర్ర మఖ్మలు, అంచులకి అద్దాలు, ముందు నెమలి. అది వేసిన దగ్గర్నుంచి మాలచ్చి డాన్సు మొదలుపెట్టింది. బ్యాండు మేళం అందుకోగానే ముందుకాళ్ళు మార్చి మార్చి వేసేది, తల ఎగరేసేది, తోక జాడించేది. జనం ఫోన్లు ఎత్తి పట్టుకునేవారు. చీపురుపల్లి నుంచి కూడా "ఆ డాన్సు గుర్రమేనా?" అని అడిగి మరీ పిలిచేవారు.

ఆయన ఆ డాన్సుని ఊరేగింపు పొడుగునా పక్కనే నడుస్తూ చూశారు.

"ఎవడు నేర్పేడ్రా దీనికి?"

"పుట్టుకతో వచ్చిందండి. మా ఆవిడ పోలిక."

"పాకలో ఆడతాదా?"

"పాకలో బ్యాండు ఉండదు కదండీ."

"బ్యాండు ఉండి జీను లేకపోతే ఆడతాదా?"

దీనికి నా దగ్గర జోకు లేదు. జోకు లేనప్పుడు నేను దగ్గుతాను. దగ్గాను.

ఆయన భుజం మీది పొందూరు ఖద్దరు ఉత్తరీయం తీశారు. ఉతికి ఉతికి గాలికంటే పల్చనైపోయిన బట్ట. జీను విప్పించి, ఉత్తరీయాన్ని ఒంటివీపు మీద పరిచి, పైన మళ్ళీ మామూలుగానే జీను కట్టమన్నారు. పెళ్ళికొడుకుని ఎక్కించి, విడిదినుంచి కల్యాణమంటపం దాకా నడిపించాక, ఆ బట్ట తీసి, తాంబూలం బల్ల మీద పంచాంగంలా పరిచారు. తెల్లగుర్రం మీద తెల్లమచ్చ కనబడదు కదా, అందుకని గుర్రం చెప్పనిది బట్టని అడుగుతారట.

చెమటా దుమ్మూ కలిసి బట్ట మీద బొమ్మ పడింది. మధ్యలో వెన్నుపూసల వెంబడి మరకే మరక. మూపుకి అటొకటి ఇటొకటి అరచెయ్యంత మేర మాత్రం పొడిగా, మల్లెపువ్వులా ఉంది.

"చూశారా, తెల్లగా ఎంత శుభ్రంగా ఉందో" అన్నాను నేను.

"అదేరా రోగం. వెన్నుపూస మీద జీను ఆనకూడదు, అక్కడ గాలాడాల, బట్ట తెల్లగా ఉండాల. అక్కడ మురికి. పక్కల మీద సమానంగా ఆనాల, అక్కడ తడి ఉండాల. అక్కడ పొడి. నీళ్ళ పైపు కాల్తో తొక్కీసి నిలబడితే నీళ్ళొస్తాయేటి? చెమట కూడా రానీకుండా నొక్కీసినాది నీ నెమలి."

"కింద నాలుగు బొంతలేసేం పంతులుగారూ. మా ఆవిడ స్వయంగా కుట్టినాది, మెత్తగా ఉంటాదని."

"బూటు ఇరుకైతే ఇంకో మేజోడు తొడుక్కుంటావేట్రా నువ్వు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బూటు నాదని ఒప్పుకున్నట్టు. ఆయన నవ్వలేదు. "ఇది డాన్సు కాదురా. ముల్లు గుచ్చుకున్నోడు ఒంటికాలి మీద గెంతితే చప్పట్లు కొడతావా?" అన్నారు.

ఇంత తెలిశాక జీను మార్చేసి ఉంటామని మీరు అనుకుంటే, మీరు ఎప్పుడూ వ్యాపారం చేయలేదన్నమాట. డాన్సు మానేస్తే మాలచ్చి అందరి గుర్రాల్లాంటి గుర్రం. మా బావ ఇంకో బొంత కొన్నాడు.

ఆపైన ప్రతి పెళ్ళిలోనూ ఇదే తంతు. ఆయన వస్తారు, అనుమతి అడుగుతారు, చెయ్యి దూరుస్తారు, లవంగం ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మారుస్తారు, నావైపు చూస్తారు. పెళ్ళికొడుకు వెనకాల తోడుపెళ్ళికొడుకుని ఎక్కిస్తే వచ్చి దింపేసేవారు. "జీను అయిపోయిన చోట నడుం మొదలవుతాది, అక్కడ మనిషిని కూకోబెట్టరు" అని నాకు. "బాలుడు మాతామహుని పక్కన నడవవలెను" అని పెళ్ళివారికి. ఇలా కనీసం సగం శాస్త్రం ఆయన గుర్రం కోసమే చెప్పేవారని నాకు అనుమానం.

ఆ అనుమానం కొత్తవలసలో తీరింది.

పెళ్ళికొడుకు మేనమామ స్థలాల వ్యాపారి. మెడలో గొలుసు, గొంతులో మైకు. డాన్సు గుర్రమని మమ్మల్ని ఏరి పిలిపించాడు. బాగా ఆడితే వాళ్ళ కుటుంబంలో ఆ సీజనులో పెళ్ళిళ్ళన్నీ మావే అన్నాడు. ఆ రోజు జీను తీసుకొస్తుంటేనే మాలచ్చి చెవులు వెనక్కి వాల్చి మా బావ భుజం కొరికింది. బావ చొక్కా మార్చుకున్నాడు, మేము జీను కట్టేశాం. పెళ్ళికొడుకు మంచి పుష్టిగా ఉన్నాడు. ఎక్కడానికి కుర్చీ తెస్తే కుర్చీ మూలిగింది.

వాడు కుర్చీ మీదుండగానే పంతులుగారు వచ్చి చెయ్యి పెట్టారు. మాలచ్చి ఒళ్ళంతా ఒక్కసారి వణికింది. ఆయన చెయ్యి తీసుకుని, నా చెయ్యి పట్టుకుని లోపల పెట్టారు. మూపు పక్కన వాచి, ఇప్పుడే దించిన అట్లపెనంలా కాలుతోంది.

"పుండు లేస్తన్నాది. ఇయ్యాల ఈ బస్తా ఎక్కితే, ఇంక నీ గుర్రం జన్మలో జీను మొయ్యదు" అన్నారు మెల్లగా.

"దిగమంటే ఆ మావ నన్ను గుర్రంతో సహా రైలెక్కించీస్తాడు పంతులుగారూ. ఈ సీజను మాకు తిండి."

"నీకు సీజను. దానికి వీపు."

అలా అని లవంగం ఉమ్మేశారు. ఆయన లవంగం ఉమ్మేయడం నేను అదే మొదటిసారి చూడటం. ఉత్తరీయం సర్దుకుని, పుస్తకం గొంతుతో అందరికీ వినబడేలా చెప్పారు.

"వరుని నక్షత్రం రీత్యా అశ్వారోహణ నిషిద్ధం. అశ్వము రిక్తపృష్ఠముతో, అనగా జీను లేకుండా, పూలదండతో ముందు నడవవలెను. వరుడు పాదచారియై అనుసరించవలెను."

మేనమామ గొలుసు ముందుకొచ్చింది. "ఇదెక్కడి పద్ధతి పంతులుగారూ? ఎక్కడా వినలేదే మేము."

ఆయన జవాబుగా కళ్ళు మూసుకుని ఒక శ్లోకం ఎత్తుకున్నారు. గొంతు చూసుకుని ఆయనకి మహా గర్వం, కాబట్టి శ్లోకం తొందరగా అవలేదు. ఆఖరికి మేనమామ చేతులు జోడించాడు. పెళ్ళికొడుకు కుర్చీ దిగాడు. కుర్చీ కూడా దణ్ణం పెట్టే ఉంటుంది. జీను విప్పేసిన మాలచ్చి, మెడలో బంతిదండతో, బ్యాండు చెవి పక్కనే మోగుతున్నా ఒక్క గెంతు గెంతకుండా, గుడికెళ్ళే ముసలమ్మలా నడిచింది. డాన్సేదని ఎవరో అడిగారు. "ఈ పద్ధతిలో ఉండదండి, నిషిద్ధం" అన్నాను నేను. శాస్త్రం నాకూ కొద్దికొద్దిగా పట్టుబడుతోంది.

భోజనాల దగ్గర ఆయన పక్కన చేరి, ఆ శ్లోకం దేనిదని అడిగాను.

"ఉత్సవం అయ్యాక దేవుణ్ణి వాహనం మీంచి కిందకి దించీటప్పుడు చదివేది. దించడమే కదా చేసేను. అబద్ధమేటున్నాది?" అన్నారు, సాంబారు కలుపుకుంటూ.

అయినా మర్నాడంతా ఆయన పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదని వాళ్ళావిడ తర్వాత చెప్పింది. ఎందుకని ఆవిడ అడిగితే, తిథి బాగాలేదన్నారట. ఆ కొత్తవలస కుటుంబంలో మాత్రం ఇప్పుడు ఏ పెళ్ళికైనా గుర్రం ఖాళీ వీపుతో ముందు నడుస్తుంది, పెళ్ళికొడుకు వెనక నడుస్తాడు. తాతల నాటి ఆచారమట. మొన్నామధ్య వేరే పంతులుగారు గుర్రం ఎక్కించబోతే మేనమామ ఆయన్ని కోప్పడ్డాడు.

ఆ తర్వాత ఆయన మమ్మల్ని వదల్లేదు. మాలచ్చి వీపు మానేదాకా పసుపూ వేపనూనే పట్టించారు. లైటింగువాళ్ళ దగ్గర ఒక దళసరి తీగ సంపాదించి, దాని మూపు మీద ఆనించి ఒంచి, ఆ ఒంపుని మిఠాయిల అట్టపెట్టె మీద గీసి, వడ్రంగి చేతిలో పెట్టారు. వడ్రంగి చేసి తెచ్చిన కొత్త జీను చట్రాన్ని బాగాలేదని తిప్పి పంపేవారు. ప్రతిసారీ ఉత్తరీయం పరీక్షే. ఆ ఉత్తరీయాలు ఉతికేది వాళ్ళావిడ. సన్నగా, వెదురుకర్రలా ఉండే మనిషి. మడిబట్టలు ఆరేసే తాడు మీదికి గుర్రం కంపు వస్తోందని, ఒకసారి గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి, "నీ గుర్రం కాపురానికొచ్చినట్టుందిరా మా ఇంటికి" అంది.

ఆఖరికి ఒకరోజు ఉత్తరీయం మీద రెండు మట్టిరంగు రెక్కలు సమానంగా పడ్డాయి. మధ్యన తెల్లటి దారి, వేలు పెట్టి గీసినట్టు. ఆయన దాన్ని ఎత్తి పట్టుకుని వీధిలో ఎదురైనవాళ్ళందరికీ చూపించారు. వాళ్ళు ఏమీ అర్థంకాక బాగుందన్నారు. నెమలి జీను అటకెక్కింది. మాలచ్చి డాన్సు మానేసింది.

దాంతోపాటు మాకు వచ్చే పిలుపులూ పల్చబడ్డాయి. "ఏటి, మీ గుర్రానికి ముసిలితనం వొచ్చీసినాదా?" అని అడిగేవారు జనం. మా బావ పంతులుగారి పేరెత్తితే మూతి తిప్పేవాడు. ఆయనకి అదేమీ పట్టేది కాదు. పెళ్ళిలో కలిస్తే చెయ్యి పెట్టి చూసి, కళ్ళు తెరిచి, నాతో ఒక్క మాటైనా అనకుండా కాఫీకి వెళ్ళిపోయేవారు. ఆ మౌనమే మెప్పు అని తెలుసుకోవడానికి నాకు చాలా పెళ్ళిళ్ళు పట్టింది. ఆయన చెయ్యి లోపలుండగా మాలచ్చి కింది పెదవి వేలాడేసి, కళ్ళు సగం మూసి నిద్రకి పడేది.

ఇదీ ఆ మనిషి. స్కూటరు మీద ఒరిగి వెళ్ళే మనిషి, ఒరగకుండానే పోయారట, నిద్రలో.

నిన్న మా బావ అటక మీంచి నెమలి జీను దించి, అద్దాలు తుడిచి, పాకలో పెట్టాడు. దాన్ని చూసి మాలచ్చి మేత వదిలేసి గోడవైపు తిరిగి నిలబడింది. "ఒక్కరోజు బావా" అన్నాడు మా బావ. "ఎల్లుండి ఒక్క ఊరేగింపు. బొబ్బిలోళ్ళు మెచ్చుకుంటే ఈ ఏడు గట్టెక్కీసినట్టే. సెయ్యెట్టి సూసీవోడు కూడా లేడు." పంతులుగారింటికి పలకరింపుకి వెళ్ళొస్తానని చెప్పి బయటపడ్డాను.

వాళ్ళావిడ వీధి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను మెట్టు కింద నిలబడ్డాను. పలకరింపుల్లో నాకు వచ్చేది ఒకటే, జోకు.

"అమ్మగారూ, మా మాలచ్చి పెద్ద ఆటగత్తె. పంతులుగారు దాని ఆట మానిపించీసేరు, జనం ఇప్పటికీ నన్ను తిడతన్నారు. ఎల్లుండి బొబ్బిలోళ్ళు ఆటే కావాలంతన్నారు. పాత జీను ఒక్క పూట యేస్తే, ఆయన పైనుంచి ఏటైనా అనుకుంటారంటారా?"

నవ్వుతూనే అడిగాను. ఆవిడ నవ్వలేదు. నన్ను తలనుంచి కాళ్ళదాకా, కాళ్ళనుంచి తలదాకా తీరిగ్గా చూసింది.

"ఆటే కావాలంతన్నారా?"

"అవునండి."

"అయితే నువ్వే ఆడు. నీ వీపు ఖాళీగానే ఉంది కదరా."